పేరు లేని పాత ఫ్రెంచ్ సైకిల్ ఫ్రేమ్: చేసిన చేయి ఎవరిదో తేల్చడం ఎలా

రంగు వెలిసి, స్టిక్కర్లు ఊడిపోయి, ముందు గొట్టం మీది బిళ్ళ కూడా లేకుండా మిగిలిన పాత ఫ్రెంచ్ సైకిల్ ఫ్రేమ్‌ను చూపించి దీన్ని ఎవరు చేశారని అడిగితే, ఆ రంగంలో ఏళ్ళ తరబడి పనిచేసినవారు కూడా వెంటనే పేరు చెప్పరు. వెంటనే పేరు చెప్పేవారి మాటను జాగ్రత్తగా తీసుకోవాలి. ఎందుకంటే ఈ ప్రశ్న వెనక డబ్బు ఉంది. పారిస్ పక్కన లెవల్వా-పెరేలో పనిచేసిన రెనే ఎర్స్ లేదా అలెక్స్ సింగర్ పేరు తగిలితే అదే ఇనుము ధర అనేక రెట్లు పెరుగుతుంది. ఏదో ఊరి దుకాణం కోసం చేసిన ఫ్రేమ్ అని తేలితే పెద్దగా ఎవరూ అడగరు. అందువల్ల కోరిక ముందు నడుస్తుంది, ఆధారం వెనక వస్తుంది. ఈ వ్యాసంలో ఆ వరుసను తిప్పి, ఏ ఆధారం ఎంతవరకు చెప్పగలదో, ఎక్కడ ఆగిపోతుందో వివరించే ప్రయత్నం చేస్తాను.

ముందుగా 'ఎవరు చేశారు' అన్న ప్రశ్ననే విడదీయాలి. ఫ్రాన్స్ సైకిల్ పరిశ్రమలో గొట్టాలు లాగినవాడు ఒకడు, వాటి అతుకుల మీద వచ్చే లగ్‌లను పోతపోసిన లేదా అచ్చువేసిన సంస్థ మరొకటి, వాటిని కూర్చి ఇత్తడితో అతికిన పనివాడు ఇంకొకడు, చివరికి ముందు బిళ్ళ మీద కనిపించే పేరు పూర్తిగా వేరొకరిది కావడం సర్వసాధారణం. దీనికి ప్రధాన కారణం సాంతెత్యెన్ నగరం. తుపాకులకూ రిబ్బన్లకూ పేరుపడిన ఆ ఊరిలో 1886లో గోతియే సోదరులు సైకిల్ తయారీ మొదలుపెట్టారు. తరువాతి దశాబ్దాల్లో అది దేశానికంతటికీ సైకిల్ విడిభాగాల కేంద్రమైంది. ఊరూరా ఉన్న సైకిల్ దుకాణదారు సాంతెత్యెన్ నుంచి పచ్చి ఫ్రేములు తెప్పించుకుని, తన ఊరిలో రంగు వేయించి, తన పేరో తన ఊరి పేరో ఉన్న స్టిక్కరు అంటించి అమ్మేవాడు. అలాంటి చిన్న పేర్లు వేలల్లో ఉన్నాయి. రంగు పోతే దానితో పాటు ఆ పేరూ పోతుంది. పైగా మోసపూరితంగా పేరు చెరిపేశారన్న అనుమానం అక్కరలేదు. ఆ పేరు మొదటి నుంచీ రంగు పొర మీదనే ఉండేది.

పెద్ద కంపెనీల సంగతి కూడా ఇంత సూటిగా ఉండదు. ప్యూజో సంస్థ ఆటోమోటో, టెర్రో వంటి పాత పేర్లను తనలో కలుపుకుంది. ఛాంపియన్ల పేర్లతో అమ్మిన సైకిళ్ళను ఆ ఛాంపియన్లు చేయలేదు, వేరే కర్మాగారాలు చేశాయి. వృత్తి పోటీదారులు తమకు నచ్చిన పనివాడి చేత ఫ్రేమ్ చేయించుకుని, తమ జట్టు సంస్థ రంగులు వేయించుకున్న సందర్భాలూ ఉన్నాయి. అలాంటి ఫ్రేమ్ దొరికి, రంగు మిగిలి ఉంటే రంగు ఒక పేరు చెబుతుంది, ఇనుము మరొక పేరు చెబుతుంది. రెండూ నిజమే కావచ్చు.

ఈ గందరగోళంలో గట్టి నేల కొలతల దగ్గర దొరుకుతుంది. 1980ల తొలి సంవత్సరాల వరకు ఫ్రెంచ్ సైకిళ్ళు తమ సొంత మెట్రిక్ ప్రమాణాలను పాటించాయి. మన దేశపు సైకిళ్ళు ఇంగ్లిష్ కొలతల వారసత్వంలో వచ్చాయి. ఆసన్‌సోల్‌లో సేన్-రాలీ, మద్రాసు శివార్లలోని అంబత్తూరులో 1949లో మొదలైన టీఐ సైకిల్స్ ఆ బాటలోనే నడిచాయి. కాబట్టి విజయవాడలోనో వరంగల్‌లోనో ఉన్న మంచి మెకానిక్‌కు ఫ్రెంచ్ ఫ్రేమ్ ఇస్తే అతని దగ్గరున్న భాగాలేవీ సరిగ్గా కూర్చోవు. కూర్చున్నట్టే కనిపించి బిగుసుకుపోతాయి. ఆ బిగుసుకుపోవడమే ఒక సాక్ష్యం.

మొదట గొట్టాలు. మంచి తరగతి ఫ్రెంచ్ ఫ్రేమ్‌లో పై గొట్టం బయటి వ్యాసం 26 మిల్లీమీటర్లు, సీటు గొట్టం, కింది గొట్టం 28 మిల్లీమీటర్లు. ఇంగ్లిష్, ఇటాలియన్ ఫ్రేముల్లో ఇవి వరుసగా 25.4, 28.6. కంటికి ఈ తేడా తెలియదు, వెర్నియర్ కాలిపర్‌కు తెలుస్తుంది. రంగు పొరల మందం కొలతను పెంచుతుంది కాబట్టి రంగు గీసిన చోట కొలవాలి. ఆ తరువాత సీటు గొట్టం లోపలి వ్యాసం చూడాలి. 28 మిల్లీమీటర్ల గొట్టంలోకి 26.4 మిల్లీమీటర్ల సీటు కడ్డీ సరిగ్గా దిగితే, రెంటికీ తేడా 1.6, అందులో సగం 0.8. కడ్డీ కదలడానికి విడిచే సందును తీసేస్తే గోడ మందం 0.7 దగ్గర నిలుస్తుంది. అంటే అది రేనాల్డ్స్ 531 వంటి తేలికపాటి మిశ్రమలోహపు గొట్టం అయ్యే అవకాశం ఎక్కువ. 1935లో వచ్చిన ఈ ఇంగ్లిష్ గొట్టాన్ని మెట్రిక్ కొలతల్లోనూ తయారుచేసి ఫ్రాన్స్‌కు సరఫరా చేశారు. ఫ్రెంచ్ పనివారికి స్వదేశపు విటస్ గొట్టాలు కూడా ఉండేవి. అదే గొట్టంలోకి 24 లేదా 25 మిల్లీమీటర్ల కడ్డీ మాత్రమే దిగితే గోడ రెట్టింపో అంతకంటే ఎక్కువో మందం ఉందన్నమాట. అది సాధారణ ఉక్కు, చవక ఫ్రేమ్. ఆ ఒక్క కొలతతో లెవల్వా-పెరే ఆశలు చాలావరకు తేలిపోతాయి.

తరువాతిది పెడల్ ఇరుసు తిరిగే అడ్డ గొట్టం, సైకిల్ షాపుల్లో బీబీ అని పిలిచేది. ఫ్రెంచ్ బీబీలో మర 35 మిల్లీమీటర్ల వ్యాసం, చుట్టుకు 1 మిల్లీమీటర్ అంతరం, రెండు వైపులా మామూలు కుడి మరే, అంటే కుడికి తిప్పితే బిగిసేదే. ఇంగ్లిష్ బీబీలో వ్యాసం 1.37 అంగుళాలు, అంటే సుమారు 34.8 మిల్లీమీటర్లు, అంగుళానికి 24 చుట్లు, చైను ఉండే కుడి వైపు మాత్రం ఎడమ మర. ఇటాలియన్‌ది 36 మిల్లీమీటర్లు, అంగుళానికి 24 చుట్లు, రెండు వైపులా కుడి మర. 34.8కి, 35కి మధ్య తేడాను పాతబడిన గొట్టంలో వ్యాసం కొలిచి పట్టుకోవడం కష్టం. చుట్ల అంతరం కొలవడం సులువు. అంగుళానికి 24 చుట్లంటే ఒక్కో చుట్టుకు 1.058 మిల్లీమీటర్లు. పది చుట్ల దగ్గర ఫ్రెంచ్ మర సరిగ్గా 10 మిల్లీమీటర్లు చూపిస్తే ఇంగ్లిష్ మర 10.58 చూపిస్తుంది. బేరింగు బాల్స్ కూర్చునే ఇంగ్లిష్ కప్పును ఫ్రెంచ్ గొట్టంలో ఎడమ వైపు బిగిస్తే మొదటి చుట్లు సాఫీగా తిరిగి ఆ తరువాత పట్టేయడానికి కారణం ఇదే. అక్కడ బలం ఉపయోగించినవాడు మరను పాడు చేయడంతో పాటు ఆధారాన్నీ పాడు చేస్తాడు.

కుడి కప్పుకు కుడి మర ఉండడంలో ఒక ఇబ్బంది ఉంది. బాల్స్ దొర్లుతున్నకొద్దీ ఆ కప్పు క్రమంగా వదులయ్యే దిశలో తోపుడు పడుతుంది. దానికి విరుగుడుగా అదే 35 మిల్లీమీటర్ల వ్యాసం, అదే 1 మిల్లీమీటర్ అంతరం ఉంచి కుడి వైపు మాత్రం ఎడమ మర కోసిన పద్ధతి ఒకటి వచ్చింది. దీన్ని స్విస్ మర అంటారు. ఇది అరుదు. 1970ల ద్వితీయార్ధంలో మోటోబెకాన్ సంస్థ తన ఫ్రేముల్లో దీన్ని వాడింది కాబట్టి, ఆ కాలపు లక్షణాలున్న పేరు లేని ఫ్రెంచ్ ఫ్రేమ్‌లో స్విస్ మర కనిపిస్తే మొదట వెతకాల్సిన పేరు అదే. నేను చూసినంతలో ఒకే ఒక్క కొలత ఇంత నేరుగా ఒక కర్మాగారం వైపు వేలు చూపించే సందర్భాలు చాలా తక్కువ.

ఫోర్క్ మీద కూడా ఇలాంటి గుర్తులే ఉన్నాయి. ఫ్రెంచ్ ఫోర్క్ పై గొట్టం బయటి వ్యాసం 25 మిల్లీమీటర్లు, మర అంతరం 1 మిల్లీమీటర్. ఇంగ్లిష్‌ది 25.4. లోపల కూర్చునే హ్యాండిల్ స్టెమ్ ఫ్రెంచ్‌లో 22.0, ఇంగ్లిష్‌లో 22.2. హెడ్‌సెట్, అంటే ఫోర్క్ తిరగడానికి వేసే బేరింగుల జత, దాని వాషరు తిరగకుండా ఇతర దేశాలవారు ఆ గొట్టం మీద సన్నని గాడి కోస్తే, ఫ్రెంచ్‌వారు చాలాసార్లు ఒక వైపును ఆకురాయితో చదునుగా రాసి వదిలేవారు. వాషరు రంధ్రం కూడా ఒక పక్క బల్లపరుపుగా ఉంటుంది. ఇది చిన్న విషయమే గానీ, హెడ్‌సెట్ విప్పినప్పుడు చూడకపోతే మళ్ళీ గుర్తురాదు. అయితే ఫోర్క్ ఇచ్చే సాక్ష్యాన్ని ఫ్రేమ్‌కు అంటగట్టే ముందు అవి రెండూ కలిసి పుట్టినవేనా అని తేల్చుకోవాలి. గుద్దుకుని వంగిపోయిన ఫోర్క్‌ను మార్చడం సైకిల్ జీవితంలో మామూలు సంఘటన.

కొలతలు కూడా మారతాయని మరువకూడదు. మర అరిగిపోయిన ఫ్రెంచ్ బీబీని బాగుచేయడానికి తేలిక మార్గం దాన్ని ఇంకాస్త పెద్దదిగా కోసి 36 మిల్లీమీటర్ల ఇటాలియన్ మర వేయడం. అలాంటి ఫ్రేమ్‌ను మర మాత్రమే చూసి ఇటాలియన్ అనుకునే ప్రమాదం ఉంది. ఇక్కడ అడ్డ గొట్టం వెడల్పు నిజం చెబుతుంది. ఇటాలియన్ గొట్టం వెడల్పు 70 మిల్లీమీటర్లు, ఫ్రెంచ్‌ది, ఇంగ్లిష్‌ది 68. 68 మిల్లీమీటర్ల గొట్టంలో ఇటాలియన్ మర కనిపించిందంటే అది తరువాత కోసినది. గొట్టాల వ్యాసం 26, 28గా ఉంటే మూలం ఫ్రెంచ్ పద్ధతే. ఇలా ఒక కొలతను మరొక కొలతతో తూచి చూడాలి తప్ప ఏ ఒక్కదాన్నీ ఒంటరిగా నమ్మకూడదు.

మెట్రిక్ కొలతలన్నీ కలిసినా అవి ఫ్రాన్స్‌ను పూర్తిగా నిరూపించవు. స్పెయిన్‌లో కూడా ఫ్రెంచ్ మరలు వాడకంలో ఉండేవి. పొరుగు దేశాల పనివారు ఫ్రెంచ్ గొట్టాలు, లగ్‌లు కొనేవారు. మరోవైపు కాంపాన్యోలో అనే ఇటాలియన్ సంస్థ భాగాలు కోరిన వినియోగదారు కోసం ఫ్రెంచ్ పనివాడే వేరే మర కోసి ఇచ్చిన సందర్భాలు లేకపోలేదు. కొలతలు మనల్ని ఒక దేశపు అలవాట్ల దగ్గరికి, ఒక కాలానికి, ఒక ధర తరగతికి తీసుకెళతాయి. అక్కడి నుంచి వేరే రకం ఆధారం కావాలి.

కాలం తేల్చడానికి గేరు మార్చే యంత్రం, అంటే డిరెయిలర్, ఫ్రేమ్ మీద విడిచిన గుర్తులు అన్నిటికంటే నమ్మదగినవి. ఫ్రాన్స్‌లో పర్యాటక సైకిళ్ళకు డిరెయిలర్ ముందే వచ్చింది. సాంతెత్యెన్‌లో సిక్లో 1924లోనూ, దిజోన్‌లో లూసియెన్ జూయి స్థాపించిన సింప్లెక్స్ 1928లోనూ మొదలయ్యాయి. టూర్ ద ఫ్రాన్స్ పోటీ మాత్రం 1937 వరకు వాటిని అనుమతించలేదు. ఆ తొలి డిరెయిలర్లు వెనక చక్రపు ఇరుసు దగ్గర కాక, బీబీ నుంచి వెనక చక్రానికి వెళ్ళే కింది కడ్డీ మీద, అంటే చైన్‌స్టే మీద, కూర్చునేవి. వాటి కోసం అక్కడ చిన్న దిమ్మెలను ఇత్తడితో అతికేవారు. చైన్‌స్టే అడుగున అలాంటి దిమ్మె ఉంటే, లేదా దాన్ని రాసేసిన మచ్చ ఉంటే, ఫ్రేమ్ 1930ల నుంచి 1950ల తొలి భాగం లోపలిదని అనుకోవచ్చు. ఆ తరువాత డిరెయిలర్ వెనక డ్రాపౌట్‌కు వేలాడడం మొదలైంది. డ్రాపౌట్ అంటే చక్రపు ఇరుసు కూర్చునే గాడి ఉన్న ఉక్కు పలక. సింప్లెక్స్ డ్రాపౌట్‌లో డిరెయిలర్ రంధ్రానికి మర ఉండదు, బోల్టు అందులోంచి దూరి వెనక నట్టుతో బిగుస్తుంది. కాంపాన్యోలో సంస్థ డ్రాపౌట్‌లో రంధ్రానికి 10 మిల్లీమీటర్ల వ్యాసంతో అంగుళానికి 26 చుట్ల మర ఉంటుంది, డిరెయిలర్‌ను ఆపే చిన్న మెట్టు కూడా ఉంటుంది. సింప్లెక్స్ రంధ్రానికి తరువాత కాంపాన్యోలో మర కోయించడం మామూలే. మెట్టు లేకుండా మర మాత్రమే ఉంటే అదే జరిగిందని అర్థం. వెనక డ్రాపౌట్ల మధ్య దూరం 120 మిల్లీమీటర్లైతే వెనక అయిదు పళ్ళచక్రాలు ఉన్న కాలం, 126 అయితే ఆరు పళ్ళచక్రాలు ఉన్న కాలం, అంటే 1970ల చివర నుంచి. ఇనుమును సాగదీసి 120ని 126 చేయడం కష్టం కాదు కాబట్టి ఈ కొలతకు మిగిలిన వాటికంటే తక్కువ విలువ ఇవ్వాలి.

హ్యాండిల్‌కో ముందు గొట్టానికో పన్ను బిళ్ళ తగులుకుని ఉంటే అదృష్టం. 1893లో ఫ్రాన్స్ సైకిళ్ళ మీద పన్ను వేసింది. అది 1958 వరకు సాగింది. సంవత్సరం ముద్రించిన చిన్న లోహపు బిళ్ళ ఆ సైకిల్ అప్పటికే రోడ్డు మీద ఉందని చెబుతుంది, చేసినవాడి గురించి ఏమీ చెప్పదు.

ఇక లగ్‌ల దగ్గరికి వస్తే, చాలామంది పొరబడేది ఇక్కడే. నెర్వెక్స్ ప్రొఫెషనల్ లగ్‌లు తీగలు తిరిగినట్టు వంపులతో చాలా అందంగా ఉంటాయి. వాటిని చూడగానే ఇది ఎవరో గొప్ప పనివాడి చెక్కుడు అనిపిస్తుంది. అవి దుకాణంలో సెట్టుగా కొనుక్కునే సరుకు. ప్యూజో తన పీఎక్స్-10 పోటీ సైకిల్ మీద ఏళ్ళ తరబడి అవే వాడింది. అమెరికాలో ష్విన్ సంస్థ తన పారామౌంట్ మీద అవే వాడింది. ఇంగ్లండ్‌లో చిన్న పనివారెందరో అవే కొన్నారు. బొకామా, ప్రూన్యా లగ్‌ల సంగతి కూడా అంతే. లగ్ ఆకారం చెప్పేది దాన్ని అమ్మిన సంస్థ పేరే. బీబీ గొట్టం అడుగున అచ్చులో పడిన అక్షరాలూ అంకెలూ కూడా చాలాసార్లు ఆ గొట్టం తయారుచేసినవారివే. వాటిని ఫ్రేమ్ సీరియల్ నంబరుగా భావించి జాబితాల్లో వెతికి నిరాశపడినవారు ఎందరో. ఫ్రేమ్ నంబరును చేతితో ఒక్కో అంకె కొట్టి ఉంటారు, కాబట్టి అంకెల వరుస కాస్త వంకరగా, లోతులు ఎగుడుదిగుడుగా ఉంటాయి. అచ్చులో పడిన అంకెలు ఒకే మట్టంలో ఉంటాయి.

లగ్ ఎవరిదన్నది పక్కన పెట్టి, దాని మీద చేతి పని ఎలా ఉందో చూడాలి. ఒకే అచ్చు నుంచి వచ్చిన గాజులను ఇద్దరు కంసాలులు నగిషీ పెడితే ఎవరి ఆకురాయి ఎంత నిదానంగా నడిచిందో తెలిసినట్టే, ఒకే నెర్వెక్స్ సెట్టు ఇద్దరు పనివారి చేతుల్లో రెండు రకాలుగా తేలుతుంది. మంచి పనివాడు లగ్ అంచును గొట్టం వైపు పలచబడేలా రాస్తాడు. మొనలు సూదిగా, రెండు వైపులా ఒకే పొడవుగా ఉంటాయి. కరిగిన ఇత్తడి అంచు పొడవునా సమంగా పైకి వచ్చి సన్నని గీతలా ఆగుతుంది. కర్మాగారపు పనిలో అంచు మందంగా ఉండిపోతుంది, ఇత్తడి అక్కడక్కడ గొట్టం మీదికి పొర్లి ఉంటుంది, ఆ పొర్లినదాన్ని రాసిన గీతలు రంగు కింద మిగిలి ఉంటాయి. ఇది నేర్చుకోవడానికి పుస్తకం చాలదు. పేరు తెలిసిన ఫ్రేములను భూతద్దంతో చూసి చూసి కన్ను అలవాటు కావాలి.

చేతి పని ఎక్కువగా బయటపడేది కొనలేని చోట్లలో. సీటు గొట్టం పైభాగం నుంచి వెనక చక్రానికి దిగే సీట్‌స్టేల పై కొసలను ఎలా ముగించాడు? బిరడా వేసి పుటాకారంగా రాశాడా, చదునుగా కోశాడా, సీటు లగ్ మీదుగా చుట్టి రెండు వైపుల నుంచీ కలిపాడా? వెనక బ్రేకు కోసం వేసిన అడ్డ కమ్మి ఉత్త గొట్టమా, నడుమ బలపరచాడా? బ్రేకు వైరు పై గొట్టంలోకి దూరేచోట రంధ్రం చుట్టూ బలపరిచే బిళ్ళ వేశాడా? బీబీ దగ్గర గేరు వైర్లు పైనుంచి వెళ్తాయా, కిందనుంచా? ఇవన్నీ పనివాడి అలవాటు మీద ఆధారపడేవి. అలవాటు ఏళ్ళపాటు మారకుండా ఉంటుంది. అదే పనివాడు చేసినట్టు రూఢిగా తెలిసిన మరో ఫ్రేమ్ ఫోటో పక్కన పెట్టి చూస్తే, ఇలాంటి మూడు నాలుగు చోట్ల ఒకే అలవాటు కనిపించడం ఏ స్టిక్కరు కంటే గట్టి సాక్ష్యం.

పర్యాటక సైకిళ్ళు చేసిన పనివారి విషయంలో ఈ పద్ధతి బాగా ఫలిస్తుంది. అలెక్స్ సింగర్ 1938లో లెవల్వా-పెరేలో పని మొదలుపెట్టాడు. రెనే ఎర్స్ అదే ఊరిలో పేరు తెచ్చుకున్నాడు. గ్రెనోబుల్‌లో జో రూతాన్స్, లియాన్‌లో షారెల్ ఉన్నారు. వీరు ఫ్రేమ్‌ను ఒంటరి వస్తువుగా చూడలేదు. మడ్‌గార్డులు, సామాను స్టాండు, డైనమో, దీపాలు, పంపు, బ్రేకులు అన్నీ ముందే లెక్కలోకి తీసుకుని ప్రతిదానికీ దిమ్మె అతికేవారు. ఎర్స్ దీపపు కరెంటు వైరును గొట్టాల లోపలే నడిపించి, హ్యాండిల్ తిరిగేచోట కార్బన్ బ్రష్ ద్వారా కరెంటు అందేలా చేశాడు. బ్రేకులకు క్లెర్మాన్-ఫెరాన్‌లోని మఫాక్ సంస్థవి వాడితే వాటి ఇరుసులను నేరుగా ఫోర్క్‌కూ సీట్‌స్టేలకూ అతికేవారు. 1891లో మొదలైన పారిస్-బ్రెస్ట్-పారిస్ వంటి దూరప్రయాణాల కోసం పుట్టిన సైకిళ్ళివి. హైదరాబాదులో 200, 300 కిలోమీటర్ల బ్రెవెట్‌లు, అంటే గడువులోపు ముగించే దూరప్రయాణాలు, తొక్కేవారికి ఆ పేరు కొత్త కాదు. ఇంత చేతి పని ఉన్న ఫ్రేమ్ మీద పేరు పోయినా పనివాడు పోడు. సాధారణంగా నంబరు కూడా ఉంటుంది, తెలిసిన ఫ్రేముల నంబర్లతో పోల్చే అవకాశం ఉంటుంది. అందుకే, ఏ దిమ్మెలూ లేని, నంబరు లేని, లగ్‌ల అంచులు మందంగా ఉన్న ఫ్రేమ్‌ను ఎర్స్‌ది అని ఎవరైనా అంటే, ఆ వాదాన్ని నిరూపించే భారం పూర్తిగా వారిదే.

ఒక ఫ్రేమ్‌ను ఊహించి ఈ పద్ధతిని నడిపి చూద్దాం. గొట్టాలు 26, 28. సీటు కడ్డీ 26.4. బీబీ 68 వెడల్పు, రెండు వైపులా కుడి మర, అంతరం 1 మిల్లీమీటర్. ఫోర్క్ మెడ ఒక వైపు చదును. వెనక వెడల్పు 120. సింప్లెక్స్ డ్రాపౌట్లు, రంధ్రానికి మర లేదు. నెర్వెక్స్ ప్రొఫెషనల్ లగ్‌లు. పైన ఎవరో బ్రష్షుతో వేసిన నీలి రంగు. అమ్మే వ్యక్తి దీన్ని ప్యూజో పీఎక్స్-10 అంటున్నాడనుకుందాం. ఇప్పటివరకు చెప్పిన లక్షణాలన్నీ పీఎక్స్-10కు సరిపోతాయి, ఇబ్బంది కూడా అక్కడే ఉంది. ఆ కాలంలో మంచి ఫ్రెంచ్ పోటీ ఫ్రేములు చాలావాటికి ఇవే లక్షణాలు. కాబట్టి సరిపోయేవాటి కోసం కాక, పీఎక్స్-10 అయితే తప్పక ఉండాల్సినవాటి కోసం వెతకాలి. ఫోర్క్ కొసల దగ్గరా వెనక కడ్డీల కొసల దగ్గరా నీలి రంగును కొద్దిగా గీస్తే క్రోమ్ పూత బయటపడాలి. ప్యూజో ఆ కొసలకు క్రోమ్ వేసేది. క్రోమ్ లేకుండా నేరుగా ఉక్కు కనిపిస్తే వాదం చాలా బలహీనపడుతుంది. ఆ తరువాత బీబీ అడుగున చూడాలి. 1970ల ప్యూజోలకు నంబరు ఉన్న పలుచని రేకును అక్కడ రివెట్లతో బిగించేవారు. రేకు ఊడిపోయినా రెండు రివెట్ రంధ్రాలు మిగులుతాయి. బీబీ లోపలి గోడ మీదా, ముందు గొట్టం లోపలి అంచు మీదా మొదటి రంగు తుంపరలు మిగిలి ఉంటాయి. అక్కడ తెలుపు కనిపిస్తే ప్యూజో వైపు, ఊదా కనిపిస్తే మెర్సియే వైపు, పచ్చ కనిపిస్తే ఎల్యెట్ వైపు చూడాలి. వెనక ఎడమ డ్రాపౌట్ మీద కొట్టిన నంబరు ఉంటే జితాన్‌ను కూడా పరిశీలనలోకి తీసుకోవాలి. నాంత్ నగరానికి దగ్గర్లోని మాష్కూల్‌లో తయారైన ఆ ఫ్రేముల నంబరు తరచూ అక్కడే ఉంటుంది.

సీట్‌స్టేల మీద సామాను స్టాండు కోసం దిమ్మెలు కూడా ఉన్నాయనుకుందాం. పోటీ సైకిల్‌కు కర్మాగారం వాటిని వేయదు. అంటే పీఎక్స్-10 కాదని వెంటనే తేల్చవచ్చా? తేల్చకూడదు. దిమ్మె చుట్టూ చూడాలి. దిమ్మె కింద మొదటి రంగో క్రోమో కాలిన మరక ఉంటే, ఇత్తడి రంగు లగ్‌ల దగ్గరి ఇత్తడి కంటే వేరుగా ఉంటే, అది తరువాతి యజమాని పని. మొదటి రంగు దిమ్మెను కూడా కప్పి ఉంటే అది పుట్టుకతో వచ్చినదే, అప్పుడు ప్యూజో పేరు పక్కన పెట్టాలి.

ఇంత చేశాక కూడా క్రోమ్ లేదు, రివెట్ రంధ్రాలు లేవు, నంబరు లేదు, లోపల మిగిలిన రంగు ముదురు ఎరుపు అని తేలిందనుకోండి. అప్పుడు రాయదగిన జవాబు ఇది: 1950ల మధ్య నుంచి 1970ల మధ్య వరకు ఫ్రాన్స్‌లో తేలికపాటి మిశ్రమలోహపు గొట్టాలతో చేసిన పోటీ తరగతి ఫ్రేమ్, బహుశా ఏదో దుకాణం పేరున అమ్మినది, చేసినవారు తెలియరాలేదు. ఇది ఓటమి ఒప్పుకోలు కాదని నా గట్టి అభిప్రాయం. ఆధారం ఉన్నంతవరకు వెళ్ళి ఆగిన ఈ వాక్యం, ఆధారం లేకుండా అంటించిన ప్రసిద్ధ పేరు కంటే కొనేవాడికీ బాగుచేసేవాడికీ ఎక్కువ పనికొస్తుంది. ఏ మర కప్పు తెప్పించాలో, ఏ కడ్డీ వేయాలో, ఏ కాలపు భాగాలు నప్పుతాయో అన్నీ అందులోనే ఉన్నాయి. రేపు అదే ముదురు ఎరుపు రంగు, అవే సీట్‌స్టే కొసలు ఉన్న ఫ్రేమ్ ఒకటి స్టిక్కరుతో సహా బయటపడితే పేరు చేర్చుకోవచ్చు.

ఆ అవకాశం మిగలాలంటే రంగు వేయించే ముందు కొంత శ్రద్ధ అవసరం. ఇసుకతో ఊది శుభ్రం చేయిస్తే లోపలి రంగు తుంపరలు, లోతు తక్కువగా కొట్టిన అంకెలు, పాత స్టిక్కరు అంచు విడిచిన నీడ అన్నీ ఒక్క పూటలో పోతాయి. ముందుగా బీబీ అడుగు, రెండు డ్రాపౌట్ల లోపలా బయటా, సీటు లగ్ వెనక భాగం, బ్రేకు కమ్మి, ఫోర్క్ మెడ, ముందు గొట్టం మీది బిళ్ళ రంధ్రాలు, ఇవన్నీ పక్కన స్కేలు పెట్టి, ఏటవాలు వెలుతురులో ఫోటో తీయాలి. బిళ్ళ రంధ్రాల మధ్య దూరం, అవి నిలువుగా ఉన్నాయా అడ్డంగా ఉన్నాయా అన్నది రాసిపెట్టాలి. తరువాత ఏ బిళ్ళ సరిపోతుందో చెప్పేది ఆ దూరమే కాబట్టి వాటిని లప్పంతో పూడ్చనివ్వకూడదు. రంగు తప్పనిసరిగా వేయించాల్సి వస్తే పాత పొరను మందుతో కరిగించి తీయించి, బీబీ లోపలి గోడను మాత్రం ముట్టుకోకుండా నూనె పూసి వదిలేయమని పెయింటరుకు ముందే చెప్పాలి.